శేషాచలంలో బాటలకు కొదవ లేదు, నడిచే దారికే కరువు

తిరుపతిలో ఏ వీధి చివర నిలబడి ఉత్తరం వైపు చూసినా, ఊరికి గోడ కట్టినట్టు కొండే కనిపిస్తుంది. బస్టాండు నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో అడవి అంచుకు చేరిపోవచ్చు. అయినా ఈ ఊళ్లో ఎవరైనా 'ఆదివారం పొద్దున అడవిలో నడవాలనుంది, ఎక్కడికి పోవాలి' అని అడిగితే వచ్చే జవాబులు రెండే. అలిపిరి మెట్లు, లేదంటే శ్రీవారి మెట్టు. సిమెంటు మెట్లు వద్దు, మట్టి బాట కావాలి అంటే మాత్రం ఎదుటివాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. 'పర్మిషన్ లేదబ్బా' అని కొందరు, 'మనకు తెలిసినోడు ఒకడున్నాడు, తీసుకుపోతాడు' అని ఇంకొందరు. శేషాచలం నడక గురించిన చిక్కంతా ఈ రెండు జవాబుల్లోనే ఉంది.

అడవిలో బాటలు వందల కొద్దీ ఉన్నాయి. ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండి, ఇక్కడ మొదలు, అక్కడ చివర, ఈ టైమ్‌కు తెరుస్తాం, ఇంతమందినే వదులుతాం, మీరు సాయంత్రానికి తిరిగి రాకపోతే వెతకడానికి వస్తాం అని చెప్పే దారులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అడవి ప్రమాదకరం అనే మాట అందరూ అంటారు గానీ, ఇక్కడ జరిగే ప్రమాదాల్లో చాలావాటికి అసలు కారణం ఈ తేడాయే.

ఇన్ని బాటలు ఎవరు వేశారంటే, అది ఒక్కరి పని కాదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా తిరుమలకు నడకో, డోలీనో తప్ప వేరే మార్గం లేదు. అందుకే ఏ దిక్కు జనం ఆ దిక్కు నుంచే కొండెక్కారు. తిరుపతి నుంచి అలిపిరి, చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు. రాజంపేట, కోడూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మామండూరు దగ్గరి కుక్కలదొడ్డి నుంచి అడవిలో పడి, పైన పార్వేట మండపం దగ్గర తేలేవాళ్లు. తాళ్లపాక అన్నమయ్య నడిచి వచ్చింది ఈ బాటనే అని చెబుతారు కాబట్టి దానికి అన్నమయ్య మార్గం అనే పేరు నిలిచిపోయింది. ఇవి భక్తుల బాటలు. వీటికి తోడు పశువులు తొక్కిన బాటలు, తేనెకూ గడ్డలకూ పోయే యానాదుల బాటలు, వెదురు కొట్టేవాళ్ల బాటలు, మంటలు పాకకుండా అటవీశాఖ వాళ్లు గీసే ఫైర్ లైన్లు, గస్తీ దారులు ఉన్నాయి. ఇంకో రకం కూడా ఉంది, అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు: ఎర్రచందనం దుంగలు మోసే బాటలు. శాటిలైట్ ఫోటోలో చూస్తే అన్నీ ఒకేలాంటి గీతలే. కింద నడిచేవాడికి మాత్రం ఏ బాట ఎటు పోతుందనేది దాన్ని వేసినవాడి పనిని బట్టి ఉంటుంది. పశువుల బాట నీళ్ల గుంట దగ్గర ఆగిపోతుంది. దుంగల బాట కావాలనే ఎక్కడో మాయమవుతుంది. కొత్తవాళ్లు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. బాట కనిపిస్తోంది కదా, ఇది ఏదో ఒక ఊరికి చేర్చకపోతుందా అనుకుంటారు. చేర్చదు.

ఇక కొండ సంగతి. దీన్ని తెలుసుకోకుండా ఇక్కడి నడకను అర్థం చేసుకోవడం కుదరదు, కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కోసిన కొండ చరియలో రెండు జాతుల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటు కనిపిస్తుంది. కింద ఉన్నది గ్రానైట్ జాతి, చాలా పాతది. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైనది. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల కాలానికి సంబంధించిన రాయి అసలు లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని కాపాడాల్సిన జాతీయ స్మారకాల్లో చేర్చింది. కొండ మీద శిలాతోరణం కూడా అదే జాబితాలో ఉంది. శిలాతోరణం దగ్గర ఫోటోలు దిగే వేల మందిలో చాలామంది రోడ్డు పక్కన ఉన్న ఈ గీతను చూడకుండానే బస్సులో దిగిపోతారు, నిజానికి రెండింట్లో పెద్ద విశేషం ఇదే.

నడకకూ దీనికీ సంబంధం ఏమిటంటే, పైన ఉన్న క్వార్ట్‌జైట్ పొరలు పొరలుగా అడ్డంగా పరుచుకుని ఉంటుంది, నిలువుగా పగుళ్లు ఉంటాయి. వాన నీళ్లు ఆ పగుళ్లలోంచి కిందికి దిగి, గట్టి రాయి తగిలినచోట ఇక దిగలేక పక్కకు ఊరతాయి. ఎండాకాలంలో కూడా కొండ నడుమ ఊటలు కనపడటానికి చాలాచోట్ల కారణం ఇదే. అంచుల్లో రాయి దిమ్మెలు దిమ్మెలుగా ఊడి పడిపోతుంది కాబట్టి కొండ ఏటవాలుగా కాకుండా నిట్టనిలువు గోడగా మిగులుతుంది. నీళ్లు ఆ గోడల్ని కోసుకుంటూ సన్నటి లోయలు చేస్తాయి. అవే కోనలు. తలకోన, గుండాలకోన, కైలాసకోన అన్నీ ఇలాంటివే. కోన చివర గోడ, గోడ మీంచి జలపాతం, దాని కింద గుండం. కపిలతీర్థం నుంచి తుంబురు తీర్థం దాకా ఏ తీర్థం చూసినా దాదాపు ఇదే అమరిక.

దీని వల్ల నడిచేవాడికి మూడు ఇబ్బందులు వస్తాయి. మొదటిది, గోడ ఎక్కడ విరిగి ఉందో అక్కడ మాత్రమే పైకి దారి ఉంటుంది. అందుకే పాతకాలం వాళ్లు ఎంచుకున్న చోట్లే ఇప్పటికీ వాడుతున్నాం. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఊపిరి ఆడనివ్వని ఎక్కుడు, ఆ తర్వాత చాలాసేపు హాయిగా సాగే నడక, అవ్వాచారి కోన దగ్గర దిగుడు, మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర పరీక్ష. ఎక్కుడు మెట్లన్నీ రెండు చోట్లే గుమిగూడటం మెట్లు కట్టినవాళ్ల ఇష్టం వల్ల జరిగింది కాదు, కొండ వాలే అలా ఉంది. రెండోది, అడవిలో మిగతా నడకంతా బాట మీద కంటే వాగులోనే ఎక్కువ జరుగుతుంది. బండ మీంచి బండ మీదికి దూకుతూ పోవాలి, పొడిగా ఉన్నప్పుడు పట్టు బాగానే దొరుకుతుంది, పాచి పట్టి తడిసిందంటే అదే బండ మీద కాలు నిలవదు. మూడోది అన్నిటికంటే ప్రమాదం. కోనలో నిలబడినవాడికి పైన పీఠభూమి మీద వాన పడుతున్న సంగతి తెలియదు. తలమీద ఎండ కాస్తూ ఉండగానే వాగు పొంగి వస్తుంది. రెండు పక్కలా గోడే కాబట్టి పక్కకు తప్పుకునే చోటుండదు.

మన వానల లెక్క కూడా వేరు. తెలంగాణకూ, కోస్తాలో చాలా జిల్లాలకూ జూన్‌లో వచ్చే నైరుతి ముఖ్యం, చిత్తూరు, తిరుపతి వైపు మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలూ, బంగాళాఖాతం వాయుగుండాలూ గట్టి వానలు తెస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు 'వర్షాకాలం అయిపోయింది కదా' అని నవంబర్‌లో కోనలకు బయల్దేరతారు. సరిగ్గా అదే ఇక్కడి అసలు వానాకాలం. 2021 నవంబర్‌లో పడిన వానకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, బాగుచేసి మళ్లీ తెరవడానికి 2022 మే దాకా పట్టింది. కట్టిన మెట్లకే ఆ గతి పట్టిందంటే కోన అడుగున గుడారం వేసుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

సరే, ఉన్న రెండు దారుల సంగతి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. రెండోది దూరం తక్కువ, రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, కానీ ఊపిరి తీసుకోవడానికి చదును దొరకదు. మోకాళ్లు సరిగా లేనివాళ్లు దూరం తక్కువని దాన్ని ఎంచుకుని బాధపడుతుంటారు, వాళ్లకు అలిపిరే నయం. రెండు దారుల్లోనూ పైకప్పు, నీళ్లు, టాయిలెట్లు, లైట్లు, మనుషులు ఉన్నారు. వీటిని ట్రెక్కింగ్ అనడానికి ట్రెక్కర్లకు నామోషీ. కానీ ఏడాదికి లక్షల మంది, అందులో ముసలివాళ్లు, చెప్పుల్లేని వాళ్లు, పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఒక అభయారణ్యం మధ్యలోంచి నడిచి క్షేమంగా పైకి చేరుతున్నారంటే, దేశంలో ఇంత రద్దీ ఉన్న అడవి దారులు ఇంకెన్ని ఉంటాయి?

ఆ రద్దీకి మూల్యం కూడా ఉంది. 2023 జూన్‌లో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్న బాబును నోట కరుచుకుని పోతూ జనం అరుపులకు వదిలేసింది. అదే ఏడాది ఆగస్టులో ఆరేళ్ల పాపను చంపేసింది. ఆ తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు, పిల్లలతో మధ్యాహ్నం తర్వాత నడవనివ్వకుండా వేళలు పెట్టారు, గుంపులుగా పంపారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. కర్రల మీద అప్పట్లో ఎన్ని జోకులు పేలాయో గుర్తుండే ఉంటుంది. నిజానికి కర్ర చిరుతను కొట్టడానికి పనికొచ్చినా రాకపోయినా, చేతిలో కర్ర ఉన్న మనిషి నిటారుగా, పెద్దగా కనిపిస్తాడు, అడుగు తీసి అడుగు వేస్తుంటే చప్పుడవుతుంది. చిరుత మెరుపుదాడి చేసే జంతువు, తనను చూసిన మనిషి మీదికి మామూలుగా రాదు. గుంపు కంటే ముందు పరిగెత్తే చిన్న పిల్ల, వెనక ఆగిపోయిన పిల్లవాడు, చీకటి పడే వేళ, దారి పక్కనే పొద. ఈ నాలుగూ కలిసినప్పుడే ఎక్కువ ముప్పు.

అయితే చిరుత దారి దాకా ఎందుకు వస్తోంది అనే ప్రశ్నను బోన్లు తీర్చవు. ఒక చిరుతను పట్టుకుపోతే ఖాళీ అయిన ఆ చోటుకు ఇంకోటి వస్తుంది. దారి పక్కన జనం పారేసే తిండికి కుక్కలు, పందులు, కోతులు చేరతాయి, భక్తులు మురిపెంగా కీరదోస ముక్కలు పెడుతుంటే జింకలు మెట్ల దగ్గరే ఉండిపోతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. జంతువులకు తిండి పెట్టొద్దని చెప్పడం, దారి పక్కన పొదలు నరికి చూపు ఆనేలా చేయడం, చెత్త ఆ పూటకాపూట ఎత్తేయడం పేపర్లో ఫోటో పడే పనులు కావు. బోను పెట్టడం కంటే ఎక్కువ ఫలితం ఇచ్చేవి మాత్రం ఇవే.

ఈ రెండు దారులు దాటి పక్కకు అడుగు వేస్తే చట్టం మారిపోతుంది. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. బోర్డుల మీద పెద్దగా కనిపించేది ఈ పేరే, కానీ ఎవర్నీ ఆపే అధికారం దానికదిగా ఆ పేరుకు లేదు. ఆపేవి వేరే ఉన్నాయి. లోపల ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నాటిది, సుమారు 353 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ అభయారణ్యం. వీటిలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మిగతాది రిజర్వు ఫారెస్టు, అక్కడ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. దాంట్లోనూ ఊరికే చొరబడటం తప్పే. 'మేము చెట్లేమీ కొట్టలేదు సార్, నడిచామంతే' అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంత గట్టిగా ఉండటానికి ముఖ్య కారణం ఎర్రచందనం. ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ కొసన, కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. దీని దుంగకు విదేశాల్లో ఉన్న ధర వల్ల ఈ అడవి ఎప్పుడో మామూలు అడవిగా ఉండటం మానేసింది. తిరుపతి కేంద్రంగా స్మగ్లింగ్‌ను ఆపడానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పనిచేస్తోంది. 2015 ఏప్రిల్ 7న ఇక్కడ పోలీసుల కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఆ ఘటన మీద వాదనలు ఏవైనా, ఒక సంగతి మాత్రం ఖాయం. చీకటి పడ్డాక, పర్మిషన్ లేకుండా, బ్యాగులు తగిలించుకుని శేషాచలంలో తిరిగే పదిమంది కుర్రాళ్లు సాయుధ గస్తీ కంటికి దూరం నుంచి ట్రెక్కర్లలా కనిపిస్తారన్న భరోసా లేదు.

ఇంకో కారణం ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది, నీళ్లు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములే తిరుమలకు ప్రధానమైన నీటి ఆధారం. ఆ వాగుల్లో స్నానాలు, వంటలు, ప్లాస్టిక్ వదిలితే పైన లక్షల మంది తాగే నీళ్లలోకే చేరతాయి. దారులు మూసి ఉంచడం అధికారుల బద్ధకం అని తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచిస్తే చాలు.

మరి అంతా మూసేసి కూర్చోవడమే మార్గమా అంటే, కాదని చెప్పే ఉదాహరణ ఈ కొండ మీదే ఉంది, ఏటా మన కళ్ల ముందే జరుగుతుంది. తీర్థ ముక్కోటి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. మిగతా రోజుల్లో మామూలు జనానికి అందని అడవిలోకి ఆ రోజుల్లో వేల మంది నడుస్తారు. పాపవినాశనం దగ్గర మొదలవుతుంది, అన్నప్రసాదం పొట్లాలు, నీళ్లు ఇస్తారు, దారి పొడవునా అటవీ సిబ్బంది, విజిలెన్స్ వాళ్లు, వైద్య సిబ్బంది ఉంటారు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను రావద్దంటారు, ఫలానా వేళ దాటితే లోపలికి వదలరు. తాళ్లు, నిచ్చెనలు అవసరమైనచోట కడతారు. దేవుడి పేరు తీసేసి చూస్తే ఇది అచ్చంగా పద్ధతి ప్రకారం నడిపే ట్రెక్కే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మూడు పౌర్ణములూ ఈశాన్య వానలు వెనక్కి తగ్గాక వస్తాయి. వాగులు పొంగే రోజులు పోయి, ఇంకా నీళ్లు పారుతూ, ఎండలు ముదరని కాలం. పైగా వెన్నెల, తిరిగి రావడం ఆలస్యమైనా దారి కనిపిస్తుంది. ఈ తిథులు పెట్టినవాళ్లు ఇదంతా లెక్కవేసే పెట్టారని ఎవరూ రుజువు చేయలేరు గానీ, ఈ అడవిలో నడకకు తగిన కాలం ఏది అని ఇప్పుడు కూర్చుని ఎవరైనా క్యాలెండర్ వేసినా జనవరి నుంచి మార్చి మధ్య దాకానే తేలుతుంది. ఆ తర్వాత అడవి ఎండిపోతుంది, గడ్డి పెళుసుబారుతుంది, మంటలొస్తాయి. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి తగలబడినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను పిలవాల్సి వచ్చింది. ఆ నెలల్లో ఒక బీడీ ముక్క, మ్యాగీ వండుకుని సరిగా ఆర్పని పొయ్యి చాలు.

తిరుమల కొండకు దూరంగా ఉన్న చోట్ల కథ వేరు. తలకోనలో 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వర స్వామి గుడి, చెట్ల మీదుగా తాళ్లతో కట్టిన వంతెన, అటవీశాఖ గెస్ట్ హౌస్ ఉన్నాయి. దగ్గరి నెరబైలు ఊరి వన సంరక్షణ సమితి ద్వారా నడిపిన ఎకో టూరిజం అది, మామండూరులోనూ అలాంటి ప్రయత్నమే జరిగింది. గిల్లతీగ మెలికలు, పై రాళ్ల మీంచి తెల్లగా జారే నీళ్లు చూడాలంటే తలకోనను మించింది లేదు, కానీ జనం ఎక్కువగా పోయేది గుడికీ జలపాతానికీ మధ్య ఉన్న చిన్న ముక్కకే. లోపలి బాటల్లో ఊరివాళ్లు లేకుండా పోకూడదు, పోనివ్వరు కూడా.

నాగలాపురం, ఉబ్బలమడుగు మాత్రం పూర్తిగా ఇంకో లోకం. మ్యాపులో ఇవి తిరుపతి జిల్లాలో ఉన్నా నడిచేవాళ్లలో ఎక్కువమంది చెన్నై వాళ్లే, రెండు గంటల ప్రయాణం కదా. శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం పొద్దునకు వాగులో ఉంటారు. వరసగా గుండాలు, పచ్చటి నీళ్లు, పై బండ మీంచి దూకడం, ఫోన్లో వీడియో. ఇలాంటి చోట్ల ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ గుండాల్లోనే. ఈత వచ్చినవాళ్లు కూడా పోతారు. ఎండలో నడిచి ఒళ్లు వేడెక్కి ఉన్నవాడు నీడలో ఉన్న చల్లటి లోతు నీళ్లలోకి ఒక్కసారి దూకితే ఊపిరి పట్టేస్తుంది. అడుగున బండలు ఏ ఏడాదికాయేడు వరదకు జరుగుతుంటాయి, పోయినసారి దూకిన చోట ఈసారి రాయి ఉండొచ్చు. ప్రమాదం జరిగితే కబురు ఊళ్లోకి చేరేసరికే గంటలు గడిచిపోతాయి, ఎందుకంటే కోనలో సిగ్నల్ ఉండదు. ఇలా ఒక చావు జరగగానే 'నిషేధం' అని ప్రకటన వస్తుంది, బోర్డు పెడతారు, కొన్ని నెలలకు ఎవరో ఒకరు పక్క ఊరి నుంచి ఇంకో బాట కనిపెడతారు. బోర్డు ఉన్న బాటలో కనీసం మొదలు ఎక్కడో అందరికీ తెలుసు, కొత్త బాటలో తప్పిపోతే వెతికేవాళ్లకు ఎటు పోవాలో కూడా తెలియదు. కాపలా లేని నిషేధం నడకను ఆపలేదు, కంటికి కనపడకుండా చేసింది, అంతే.

ఫోన్లను నమ్ముకుని పోయేవాళ్ల గురించి ఒక మాట. ఎవరో నడిచి పెట్టిన జీపీఎస్ గీతను దించుకుని దాని వెంట పోవడం ఇప్పుడు మామూలైపోయింది. నిలువు గోడల మధ్య సన్నటి కోనలో ఆకాశం కొంచెమే కనిపిస్తుంది, ఉపగ్రహాల సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కాబట్టి ఫోన్ చూపించే చోటు పదుల మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది. మైదానంలో ఆ తేడా లెక్కలోకి రాదు. ఇక్కడ ఆ పదుల మీటర్ల తేడాలో మీరు గోడకు పైన ఉన్నారా కింద ఉన్నారా అన్నదే మారిపోతుంది. పైగా ఆ గీత గీసినవాడు ఫిబ్రవరిలో నడిచాడా, నవంబర్‌లో నడిచాడా అన్నది గీతలో ఉండదు. దారి తప్పామని తెలిసిన వెంటనే నీళ్ల వెంట కిందికి దిగుదాం, ఏదో ఊరు రాకపోతుందా అని చాలామంది అనుకుంటారు. ఈ కొండల్లో నీళ్ల వెంట దిగితే ముందు వచ్చేది ఊరు కాదు, జలపాతం అంచు. తప్పిపోయినచోటే ఆగడం, వచ్చిన బాటలోనే వెనక్కి మళ్లడం మేలు.

ఏనుగుల సంగతి కూడా మారింది. చిత్తూరు వైపు పలమనేరు దగ్గరి కౌండిన్య అభయారణ్యం ఏనుగుల గురించే అందరికీ తెలుసు. శేషాచలంలోకి కూడా మందలు వచ్చి చేరాయి, వెదురున్న కోనల్లో తిరుగుతుంటాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి దారిన తలకోనకు నడిచి పోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. తరాలుగా ఆ ఊళ్లవాళ్లు శివరాత్రికి నడిచే బాట అది. పాత బాటే, భక్తులూ వాళ్లే, అడవిలో జంతువులు మాత్రం మారాయి. ఆ రాత్రి మంద ఎక్కడుందో అటవీ సిబ్బంది చెప్పగలిగే ఏర్పాటు, భక్తులు ఎటు పోతున్నారో సిబ్బందికి తెలిసే ఏర్పాటు ఉండి ఉంటే అది తప్పేదేమో. ముక్కోటి రోజుల్లో ఉండే ఏర్పాటు అదే కదా.

నడకను వ్యతిరేకించేవాళ్ల వాదనలో బలమైనది మనుషుల ప్రాణాల గురించినది కాదు, అడవి గురించినది. ఇక్కడ ఉన్న కొన్ని మొక్కలు ప్రపంచంలో వేరే ఎక్కడా దాదాపు లేవు. ఎర్రచందనం ఒకటే కాదు, కొండ మీద గడ్డి నేలల్లో ఈతచెట్టులా పొట్టిగా ఉండే పెరిత, కొండ సాంబ్రాణి, తెల్లకరక, మొగి, తంబజాలరి ఇవన్నీ ఈ కొండల్నే నమ్ముకున్నవి. తేమగా ఉండే బండ సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, అంటే సరిగ్గా జనం కూర్చుని ఫోటోలు దిగే తీర్థాల అంచుల్లోనే. పలుచటి మట్టి మీద వంద మంది తొక్కితే బాట పడుతుంది, మొదటి గట్టి వానకు ఆ బాట కాలువ అవుతుంది. ఈ వాదన నిజమే. కానీ దీన్నుంచి రావాల్సిన ముగింపు దారులన్నీ మూసేయడం కాదు, నాలుగైదు దారులు తెరిచి మిగతావి నిజంగా మూయడం. ఇప్పుడున్న పద్ధతిలో అన్నీ కాగితం మీద మూసి ఉన్నాయి, అన్నింటిలోనూ ఎవరో ఒకరు నడుస్తున్నారు.

దీనికి అసలు పరీక్ష అన్నమయ్య మార్గం. దాన్ని మూడో నడకదారిగా తెరవాలనే డిమాండ్ ఎప్పటి నుంచో ఉంది, టీటీడీ కూడా దాన్ని అభివృద్ధి చేస్తామని చెప్పింది, కడప వైపు నుంచి ఏటా భక్తుల పాదయాత్రలు ఆ బాటలో సాగుతూనే ఉన్నాయి. అభివృద్ధి అనగానే మనకు గుర్తొచ్చేది మెట్లు, షెడ్లు, లైట్లు, కొట్లు. అభయారణ్యంలో అలాంటి కట్టడాలకు జాతీయ వన్యప్రాణి బోర్డు దాకా అనుమతులు కావాలి, రావడం కష్టం, వచ్చినా మంచిది కాదు. రాత్రంతా లైట్లు వెలిగే ఇంకో దారి పడితే ఆ వైపు అడవి రెండు ముక్కలవుతుంది, కొట్లు వస్తే చెత్త, చెత్త వస్తే కుక్కలు, కుక్కలొస్తే చిరుత. అలిపిరి కథ మళ్లీ మొదటి నుంచి.

దాన్ని బాటగానే ఉంచవచ్చు. మెట్లు వద్దు, దారి చీలే ప్రతిచోటా రాతి మీద గుర్తు చాలు. జనవరి నుంచి మార్చి మధ్య దాకా, వారంలో కొన్ని రోజులు, ముందుగా పేరు రాయించుకున్న కొద్దిమంది, ప్రతి గుంపుకూ మామండూరు, కుక్కలదొడ్డి చుట్టుపక్కల ఊళ్లకు చెందిన ఒక గైడు. ఆ అడవి లోపలి సంగతులు యానాదుల కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు, వాళ్లకు కూలీగా కాకుండా గైడుగా జీతం ఇవ్వాలి. టికెట్ డబ్బులో పెద్ద వాటా ఆ ఊళ్ల వన సంరక్షణ సమితులకే పోవాలి, అప్పుడే దొంగతనంగా జనాన్ని లోపలికి తీసుకుపోయే 'తెలిసినోడి'కి ఊళ్లోనే అడ్డు పడుతుంది. ఏనుగుల మంద ఆ వైపు ఉందని తెలిసిన రోజు దారి మూసి డబ్బు వెనక్కి ఇచ్చేయాలి, బేరాల్లేవు. ఆ కాలంలో పగలు పొట్టిది, కోనల్లో నాలుగున్నరకే వెలుగు తగ్గిపోతుంది, కాబట్టి కింది వైపు నుంచి ఉదయం ఏడు దాటాక ఎంత పెద్దవాళ్ల సిఫార్సు లెటర్ తెచ్చినా లోపలికి వదలకూడదు.